తాతయైన ప్రహ్లాదుడు

అహోబిల క్షేత్రమును సేవించిన భక్తులకు ప్రహ్లాదుడనగానే ఐదేండ్ల బాలుడే కన్నుల ముందు నిలుచును. నంద్యాల జిల్లాలోని ఆ నల్లమల కొండలెక్కి, ఉక్కుస్తంభమును తలయెత్తి చూచి, ప్రహ్లాదబడి యని పిలువబడు గుహలో కొంతసేపు కూర్చుండి, ఆ పసివాని ధైర్యమును తలచుకొని కన్నీరు పెట్టుకొందుము. ఆ బాలుడు పెరిగి పెద్దవాడై, కుమారుని కని, మనుమని చేతులలోనికి ఎత్తుకొన్న తాతగారైనాడని తలచువారు అరుదు. మన ఇండ్లలోని పటములలో గూడ ఆ వృద్ధ ప్రహ్లాదుడు కానవచ్చుట అరుదే.

ఆయనను చూడవలెనన్నచో భాగవతము అష్టమస్కంధములోని వామనచరిత్రమును తెరువవలెను. పోతనగారి చలువవలన ఆ ఘట్టము తెలుగు ఇండ్లలో అందరికిని పరిచితమే. అయితే త్రివిక్రముడు బ్రహ్మాండమంతయు నిండిన పద్యము కాగానే మనలో చాలమంది పుస్తకము మూయుదురు. ఇది సరికాదు. మూడవ అడుగు తరువాతనే ఆ కావ్యములోని అసలు ప్రశ్న పుట్టుచున్నది. తాను పెంచిన మనుమడు సర్వస్వమును కోల్పోయి, కట్టువడి, పదిమంది ముందు నిలువబడినప్పుడు తాత చేయవలసినదేమి?

బలిచక్రవర్తి తండ్రి విరోచనుడు. దేవతలు బ్రాహ్మణవేషములతో వచ్చి ఆయువును యాచింపగా, వారెవరో ఎరిగియుండియు ఇచ్చివేసినవాడు. ఈ మాటను బలికి జ్ఞాపకము చేసినవాడు వామనమూర్తియే. తండ్రి లేని బలికి ఇంటిలో పెద్దదిక్కు తాతగారు. అందువలననే వామనుడు బలిని మెచ్చుకొనుచు, పరలోకవిషయమున నీకు భృగువంశపు గురువులును, శాంతుడైన కులవృద్ధుడు నీ పితామహుడును ప్రమాణములు గదా యని పలికెను. ఆ రెండు ప్రమాణములకు పొత్తు కుదరని ఘడియ వెంటనే వచ్చినది. గురువైన శుక్రాచార్యుడు ఇచ్చిన మాటను వెనుకకు తీసికొమ్మనెను. బలి ఒప్పుకొనలేదు. ఒప్పుకొనకపోవుటకు కారణము చెప్పునపుడు వ్యాసుని బలి తన్ను ‘ప్రాహ్రాది’ అని చెప్పుకొన్నాడు. ప్రహ్రాదుని సంతతివాడని ఆ తద్ధితపదమునకు అర్థము. (మూలములో ఆ పేరునకు రేఫమే, లకారము మనకు అలవాటైనది.) తండ్రి పేరున ‘వైరోచని’ అను ప్రసిద్ధనామముండగా, లోభమునకు లొంగరాదనుకొన్న ఘడియలో అతని నోట తాత పేరు వెడలినది. పాణిని మహర్షి సైతము గోత్రమను సంజ్ఞను కుమారునితో కాక మనుమనితోనే ప్రారంభించెను. వ్యాకరణము చదువుకొన్నవానికి ఈ రెండును కలిసి తోచక మానవు.

ఇంతకు పూర్వము తాత మనుమనికి ఒక కానుక ఇచ్చియుండెను. విశ్వజిద్యాగము ముగిసినపుడు హోమాగ్నినుండి బంగారు రథమును, గుఱ్ఱములును, సింహధ్వజమును, దివ్యధనువును, అక్షయతూణీరములును, కవచమును వెలువడినవి. శుక్రాచార్యుడు శంఖమునిచ్చెను. ఆయుధములు, వాహనములు, రణశంఖము అన్నియు యుద్ధమునకు పనికివచ్చునవే. ప్రహ్లాదుడు మాత్రము వాడిపోని పూలమాలను ఇచ్చెను. మనుమడు దానిని ధరించి, తాతకు నమస్కరించి, సెలవు తీసికొని స్వర్గముపై దండెత్తెను. ఆ దండయాత్రను తాత మెచ్చెనని గాని వలదనెనని గాని వ్యాసుడు అచట చెప్పలేదు.

ఇక మూడవ అడుగునొద్దకు వత్తము. స్వామి అభిప్రాయమెరిగిన గరుత్మంతుడు బలిని వరుణపాశములతో బంధించెను. అపుడు బలి చేసిన ప్రసంగములో భయము లేదు, నిష్ఠురము లేదు. నరకమునకు గాని కట్టునకు గాని వెరువను, అపకీర్తికి మాత్రమే వెరతునని చెప్పి, వెంటనే తాతను తలచెను. తన తండ్రియే పగబట్టి బాధింపగా ఆయన నీ పాదములనే ఆశ్రయించెనని స్వామితో విన్నవించెను. విడిచిపోవు ఈ దేహముతో పనియేమి, నావారను పేరు పెట్టుకొని ధనము దోచు చుట్టములతో పనియేమి యను నిశ్చయముతోనే ఆయన ఆ పని చేసెనట! ఇచట కవి చమత్కారమును గమనింపవలెను. చుట్టములు దొంగలను మాట ముగియుచుండగనే పున్నమచంద్రుడు పొడిచినట్లు ఒక చుట్టము వచ్చెను. వచ్చినవాడు ప్రహ్లాదుడే.

బలి కన్నులకు ఆయన ఎట్లు కనిపించెనో వ్యాసుడు తీరికగా వర్ణించినాడు. పొడవైన విగ్రహము, కాటుకవంటి మేనిచాయ, పసుపుపచ్చని వస్త్రము, తామరరేకులవంటి కన్నులు, దీర్ఘబాహువులు. పాఠకులారా, ఇవి ఎవరి లక్షణములు? జీవితమంతయు ఒకరినే చూచుచు గడిపిన వృద్ధునికి ఆయన పోలికయే వచ్చినది. మనుమడు పెద్దలకు చేయు పూజను ఎప్పటివలె చేయబోయెను, చేతులు రాలేదు, పాశములున్నవి. కన్నులు నీటితో చలింప, సిగ్గుతో ముఖము వంచి, తలతోనే నమస్కరించెను. మూడు లోకములు పోయినపుడు రాని కన్నీరు తాతకు అర్ఘ్యపాద్యములు ఈయలేకపోయినపుడు వచ్చినది. ఈ ఘట్టములో నాకు మిక్కిలి ప్రియమైన భాగమిదియే.

మరి తాత ఏమి చేసెను? మనుమని కట్లు విప్పలేదు, విప్పుమని అడుగలేదు. పరివారముతో కొలువైయున్న స్వామిని చూచి, పులకించి, నేలపై సాగిలపడి, ఇంద్రపదవిని ఇచ్చినవాడవు నీవే, నేడు తీసికొన్నవాడవును నీవే, రెండును శోభనములే, తన్ను తాను మరపించు సంపదను తొలగించి ఇతనిని అనుగ్రహించితివని స్తుతించెను. విడువుమని స్పష్టముగా వేడినవాడు తరువాత మాటాడిన బ్రహ్మదేవుడు. తాత నోటినుండి మాత్రము ఆ మాట రాలేదు.

ఇది కాఠిన్యము కాదా? ఒకరి నష్టమును చూచి అంతయు భగవదనుగ్రహమే నాయనా అని ఒడ్డున నిలిచి చెప్పుట సులభము. వ్యాపారము మునిగినవానికి, ఉద్యోగము పోయినవానికి ఆ మాట పుండుపై కారము వంటిది. అట్టి మాటలు చెప్పు పెద్దలను నేను చాలమందిని చూచితిని. వారిలో కొందరు తమ జీవితములో ఒక పూట భోజనమైనను మానినవారు కారు. అయితే ప్రహ్లాదుని సంగతి వేరు. సప్తమస్కంధమును మరల తిప్పి చూడుడు. ఏనుగులు, పాములు, నిప్పు, కొండలు ఏవియు పనిచేయనపుడు, శుక్రాచార్యులు వచ్చువరకు ఈ బాలుని వరుణపాశములతో కట్టియుంచుమని గురుపుత్రులు హిరణ్యకశిపునకు చెప్పిరి, అతడు సరే యనెను. నేడు మనుమని మేనిపైనున్నవి ఆ పాశములే. ఆనాడు కట్టుమన్నవాడు హరికి శత్రువు, నేడు కట్టించినవాడు హరి. ఈ భేదమును చెప్పదగినవాడు ఆ సభలో ఆయన ఒక్కడే.

మరియొక సంగతి. ఆ స్తుతిని ఆయన స్వామికి విన్నవించెను గాని మనుమనికి బోధింపలేదు. ఈ ఘట్టమున ప్రహ్లాదుడు బలితో ఒక్క మాటయైనను పలికినట్లు మూలమున లేదు. బలి విన్నాడు, అంతే. అట్లని మనుమని కష్టము తీరవలెనని ముడుపు కట్టు తాతలను, నాయనమ్మలను తక్కువ చేయరాదు. బ్రహ్మ చేసిన ప్రార్థనను స్వామి త్రోసిపుచ్చలేదు గదా. వామనపురాణములోనైతే ఇదే తాత, మనుమడు హరిని తేలికగా మాటాడెనని కోపించి, రాజ్యభ్రష్టుడవు కమ్మని శపించును, పిదప చింతించి ఓదార్చును. ప్రేమయున్నచోట కోపముండదనుకొనువారు ఆ కథ చదువవలెను.

కట్లు విడిపోయిన పిమ్మట, వంశమును నిలుపు మనుమడు ప్రసాదము పొందుట చూచిన ప్రహ్లాదుడు, అసురులమైన మా కోటకు నీవు కావలివాడవగుటయా, ఈ అనుగ్రహము బ్రహ్మకు, లక్ష్మికి, శివునకు సైతము దొరకలేదే యని ఆశ్చర్యపడెను. అపుడు స్వామి, నాయనా ప్రహ్లాదా, సుతలమునకు పొమ్ము, గదాపాణినై నిలిచియుండు నన్ను అచట నిత్యము చూతువని సెలవిచ్చెను. ఆ ఆజ్ఞలోనే, నీ మనుమనితో కూడి సంతోషించుచు ఉండుమని కూడ చెప్పెను. విడువుమని అడుగని తాతకు లభించినది ఆ సహవాసము. ఆయన దోసిలియొగ్గి ఆజ్ఞను శిరసావహించి, స్వామికి ప్రదక్షిణము చేసి, అనుమతి పొంది, మనుమడున్న సుతలమునకు బయలుదేరెను.