చూచి నవ్వినవాని పాలు

కొట్టినవాడు దోషి అనుట అందరు ఎరిగినదే. తిట్టినవాడు దోషి అనుటయు అందరు ఒప్పుకొనునదే. కాని ప్రక్కన నిలిచి చూచి నవ్వినవాడు దోషియా, కాదా? అతడు చేయి ఎత్తలేదు. నోరు విప్పి దుర్భాషలాడలేదు. నలుగురితోపాటు నవ్వినాడు, అంతే. ఇది ధర్మశాస్త్ర గ్రంథములలో వెదకవలసిన ప్రశ్నవలె తోచును గాని, మన ప్రాథమిక పాఠశాలల ముంగిట విరామపు గంట మ్రోగిన ప్రతిదినము ఇదే ప్రశ్న పుట్టుచున్నది. దీనికి సమాధానము చెప్పవలసిన తల్లిదండ్రులము, గురువులము, ఊరిపెద్దలము "పిల్లల ఆటలే గదా" అను ఒక్క మాటతో ప్రక్కకు తొలగుచున్నాము.

ముందుగా నా సంగతి చెప్పుకొనుట న్యాయము. నేను నాలుగవ తరగతి చదువునాడు మా తరగతిలో నత్తి గల బాలుడొకడు ఉండెను. పాఠము చదువుమని అయ్యవారు లేపినపుడెల్ల అతడు మొదటి అక్షరము వద్దనే ఆగిపోవువాడు. వెనుక బల్ల నుండి ఒకడు ఆ అక్షరమునే పదిసార్లు పలుకువాడు. తరగతి అంతయు గొల్లుమనెడిది. ఆ అనుకరణ నేనెన్నడును చేయలేదు. కాని ప్రతిసారియు నవ్వితిని. ఏడాది మధ్యలో ఆ పిల్లవాడు బడి మానినాడు. మా నవ్వు కారణమో, ఇంటి బీదతనము కారణమో నేనెరుగను. కారణమేమని అడుగవలెనను తలంపైనను ఆనాడు మాలో ఒక్కనికిని కలుగలేదు. ఇన్నేండ్ల తరువాత నన్ను బాధించునది అదియే.

ఇపుడు మన పెదకాకాని ప్రాంతమును చూడుడు. భ్రమరాంబా సమేతుడైన మల్లేశ్వరస్వామి వెలసిన ఈ ఊరికి నాలుగు దిక్కుల నుండి భక్తులు వచ్చుచుందురు. అట్లే ఈ చుట్టుప్రక్కల ప్రత్తిచేలకు, మిరపతోటలకు ఏటేట కూలిజనము వచ్చుచుందురు. కర్నూలు జిల్లా పడమటి మండలములైన కోసిగి, ఆదోని, మంత్రాలయము వైపు నుండి ప్రత్తితీతలకు, మిరపకోతలకు కుటుంబములకు కుటుంబములే గుంటూరు సీమకు తరలివచ్చుట అనేక సంవత్సరములుగా జరుగుచున్నది. తల్లిదండ్రులు చేనిలో ఉండగా పిల్లలలో కొందరు చేనిగట్టుననే మిగిలిపోవుదురు. కొందరు అదృష్టవంతులు నాలుగు నెలలపాటు సమీపపు బడికి పోవుదురు.

అట్టి బిడ్డ ఒకతె మూడవ తరగతిలో వచ్చి కూర్చున్నదని అనుకొందము. ఆమె మాటలో కన్నడపు యాస. ఆమె బట్టలకు మిరపఘాటు. ఉదయము కల్లములో తల్లికి సాయపడి తాలుకాయలు ఏరి వచ్చినందున వ్రేళ్లు మండుచుండును, కన్నులు ఎఱ్ఱనై ఉండును. ఆమె నోరు తెరచుటయే తడవుగా ఒకరు యాసను అనుకరింతురు. మరొకరు ముక్కు మూసికొందురు. మధ్యాహ్న భోజనపు పంక్తిలో ఆమె ప్రక్కన జానెడు చోటు ఖాళీగా మిగులును. ఎవరును ఆమెను కొట్టలేదు. అయ్యవారి వద్ద ఫిర్యాదు చేయుటకు గాయమేదియు లేదు. పది దినములు గడచునప్పటికి ఆ బిడ్డకు ఉదయమున కడుపునొప్పి ఆరంభమగును. తల్లి బడికి పొమ్మనును, బిడ్డ చేనికి వత్తుననును. మిరపకోతలో ఆమె చేయి కూలికి పనికివచ్చును గనుక ఆ ఇంటిలో వాదము ఎక్కువసేపు నిలువదు.

దీనిని "ఏడిపించుట" అని మన భాషలో తేలికగా చెప్పుదుము. స్వీడనులో పుట్టి నార్వేలో పనిచేసిన దాన్ ఓల్వేయస్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1970 నాటి నుండి బడిపిల్లలలోని ఈ వేధింపును పరిశీలించి మూడు లక్షణములు చెప్పినాడు: నొప్పింపవలెనను ఉద్దేశము, మరల మరల జరుగుట, ఇరువురి బలములో అసమానత. సమానులైన ఇద్దరు పిల్లలు గోళీలకై పోట్లాడుకొని సాయంత్రమునకు కలిసిపోవుట వేధింపు కాదు, అది బాల్యము. పదిమంది ఒకరిని దినదినము ఒకే మాటతో పొడుచుట వేరు. నార్వేలో 1982లో ముగ్గురు బాలురు ప్రాణములు తీసికొన్న పిమ్మట, మరుసటి సంవత్సరమే ఆ దేశము పాఠశాలలన్నిటను దీనిపై ఉద్యమము నడిపినది. అంతవరకు అచటి పెద్దలును మనవలెనే "పిల్లల ఆటలే" అనుకొనియుండిరి.

ఏడ్చుచు ఇంటికి వచ్చిన బిడ్డకు మనము సాధారణముగా రెండు సలహాలలో ఒకటి ఇచ్చుచుందుము. ఒకటి, "నీవును తిరిగి కొట్టు." రెండవది, "పట్టించుకొనకు, సహించు." మొదటిదానియందు పౌరుషమున్నది, రెండవదానియందు శాంతమున్నది. కాని కొంచెము ఆలోచించినచో రెంటియందును ఒకే లోపము కనబడును. రెండును ఆ బిడ్డను ఒంటరిగా వదలివేయుచున్నవి. తిరిగి కొట్టగల బలమే యున్నచో ఆ బిడ్డ ఏడ్చుచు వచ్చియుండదు. సహింపుమనుట ఎట్టిదనగా, భారము మోయుచున్నవానిని చూచి ఇంకను ఓర్చుకొమ్మనుట వంటిది. ఆ భారమును మనము కొంత దించుకొనుట లేదు. పైగా సహనము బలవంతునికి భూషణము కావచ్చును గాని, ఎనిమిదేండ్ల బిడ్డపై మనము మోపిన సహనము సహనము కాదు, అది నిస్సహాయత.

మూడవ దారి కలదు. ఎగతాళి అనునది ఒంటరిగా బ్రతుకజాలని దోషము. చూచువారు లేనిచోట వెక్కిరించువాడు ఎంతసేపు వెక్కిరించును? అతడు కోరునది ఏడ్చు బిడ్డ కన్నీరు మాత్రమే కాదు, చుట్టునున్నవారి నవ్వు. ఫిన్లాండు దేశములో తుర్కు విశ్వవిద్యాలయము వారు రూపొందించి 2009 నుండి దేశమంతట పాఠశాలలలో అమలుపరచిన "కివా" అను కార్యక్రమము ఈ విషయము మీదనే నిలిచియున్నది. వేధించువానిని దిద్దుటతోపాటు చూచుచున్న పిల్లల నడవడిని మార్చుటకు వారు ముఖ్యముగా ప్రయత్నించిరి. మన తరగతికే అన్వయించి చూడుడు. పదిమందిలో ఇద్దరు నవ్వక, లేచిపోయి ఆ ఏడ్చు బిడ్డ ప్రక్కన కూర్చుండిరనుకొందము. వారు ఎవరితోను పోట్లాడనక్కరలేదు. ఆ జానెడు ఖాళీ నిండిన మరుక్షణము వెక్కిరింపునకు సగము బలము పోవును. కావున మొదటి ప్రశ్నకు సమాధానము ఇదియే: చూచి నవ్వినవానికి దోషములో పాలు కలదు. ఏలయన, అతడు నవ్వకుండుటయందు నివారణయు కలదు.

నవ్వినవాని పాలు చెప్పుకొంటిమి. నమ్మనివాని పాలు ఇంకను మిగిలియున్నది. పాల్కురికి సోమనాథుడు పదుమూడవ శతాబ్దిలో ద్విపదగా రచించిన బసవపురాణములో గొడగూచి కథ మన ఇండ్లలో ఎందరో విన్నదే. తండ్రి పొరుగూరికి పోవుచు శివునికి పాలు నివేదించు పని చిన్నకూతురికి అప్పగించెను. దేవుడు నిజముగా త్రాగునని ఆ పసిబిడ్డ నమ్మినది. త్రాగకున్న ఏడ్చినది. స్వామి త్రాగెను. తిరిగివచ్చిన తండ్రి ప్రసాదమేదని అడుగగా, స్వామి త్రాగినాడని బిడ్డ సత్యమే చెప్పినది. తండ్రి నమ్మలేదు. నీవే త్రాగితివని కోపించెను. భయపడిన బిడ్డ శివుని శరణు జొచ్చి లింగమునందు ఐక్యమైనది.

ఈ కథను మనము ముగ్ధభక్తికి ఉదాహరణముగా చెప్పుకొందుము. అది సరియే. కాని ఆ తండ్రి వైపు నిలిచి ఒకసారి చూడుడు. అతడు దుర్మార్గుడు కాడు, భక్తుడు. దినదినము శివుని పూజించినవాడే. అయినను తన యింటి బిడ్డ చెప్పిన సత్యమును సత్యమని పోల్చుకొనలేకపోయెను. పెద్దవారికి అసంభవమని తోచినది అబద్ధమే అయియుండునని తలచెను. బడి నుండి వచ్చిన బిడ్డ "వారందరు నన్ను ఏడిపించుచున్నారు" అన్నపుడు, "నీవేమి చేసితివి?" అన్నది మన మొదటి మాట అయినచో మనము ఆ తండ్రి స్థానమున ఉన్నాము. మరుదినము నుండి బిడ్డ చెప్పుట మానును. కల్లములో ఎండని కాయ ఒకటి కుప్ప అడుగున పడిన ఏమగునో మిరప పండించువారికి నేను చెప్పనక్కరలేదు. పైకి ఎఱ్ఱగా కనబడుచుండగనే లోపల బూజు ప్రాకును. చెప్పుకొనలేని దుఃఖము బిడ్డ మనస్సులో అట్లే ప్రాకును.

"పిల్లలు అబద్ధములాడరా?" అని ఎవరైన అడుగవచ్చును. ఆడుదురు, పెద్దలవలెనే. కాని బిడ్డ మాటను నమ్మి వినుట వేరు, మరొక బిడ్డకు శిక్ష విధించుట వేరు. మొదటిది వెంటనే చేయవలసినది. రెండవదానికి ముందు విచారణ కావలెను. వేధించిన పిల్లవాడును పిల్లవాడే అని మరువరాదు. అతని యింటిలో అతడు ఏమి వినుచున్నాడో, ఎవరి చేతిలో దెబ్బలు తినుచున్నాడో మనకు తెలియదు. బెత్తముతో అతనిని బాదినచో, బలవంతుడు బలహీనుని బాధింపవచ్చునను పాఠమునే మరల నేర్పినవారమగుదుము. 2009 నాటి విద్యాహక్కు చట్టము పదునేడవ విభాగమున బిడ్డకు శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధించుట ఉభయుల మేలు కొరకే.

ఇపుడు మన ఇంటి మాట. మన బిడ్డ మెడలోని లింగకాయను చూచి ఎవడో నవ్వినాడని తెలిసిన మనకు కడుపు మండును. మండవలసినదే. కాని అదే బిడ్డ భోజనమువేళ తోటివానిని కులము పేరుతో పిలిచినపుడు, నల్లవానిని రంగు పేరుతో, కుంటివానిని కుంటితనముతో పిలిచినపుడు ఆ మాట ఎచట నేర్చెనో మనము విచారించుచున్నామా? పిల్లలు ఇట్టి పేర్లను తాముగా కల్పింపరు. మన వాకిళ్లలో, అరుగుల మీద విని బడికి మోసికొనిపోవుదురు. బసవేశ్వరుడు పన్నెండవ శతాబ్దిలో కల్యాణమున పుట్టుకను బట్టి మనిషిని కొలుచుటను కాదన్నాడు. మాదార చెన్నయ్యను, మడివాళ మాచయ్యను పెద్దలుగా గౌరవించినాడు. ఆయన వచనములు చెప్పినది సామాన్యజనులు మాటాడుకొను కన్నడములో. ఆ కన్నడపు యాసతో మాటాడు కూలిబిడ్డను మన బిడ్డ వెక్కిరించుచుండగా మనము బసవ జయంతి జరుపుకొనుటలో అర్థమేమి?

పిల్లల నాటి ఈ సంగతి పిల్లలనాటితో పోదు. మన పెదకాకాని మండలములోనే నాగార్జున విశ్వవిద్యాలయమున్నది. 2015 జూలైలో అచట ఆర్కిటెక్చరు మొదటి సంవత్సరపు విద్యార్థిని ఒకతె వసతిగృహములో ప్రాణము విడిచినది. ర్యాగింగు కారణమని ఆరోపణలు వచ్చినవి. ప్రభుత్వము విశ్రాంత ఐ.ఏ.ఎస్. అధికారి బాలసుబ్రహ్మణ్యము గారి నేతృత్వమున విచారణ సంఘమును నియమించినది. కేసు తొమ్మిదేండ్లు నడచి, 2024 నవంబరులో తగిన సాక్ష్యము లేదని గుంటూరు న్యాయస్థానమునందు కొట్టివేయబడినది. తీర్పును విమర్శించుట మన పని కాదు. ఎవరిని దోషులనుటయు మనకు తగదు. మనము గ్రహింపవలసినది వేరు. ఆంధ్రప్రదేశములో ర్యాగింగు నిషేధ చట్టము 1997 నుండియే ఉన్నది. చట్టము జరిగినదాని వెనుక నడచును, వచ్చి సాక్ష్యమడుగును. కన్నులారా చూచినది జంకక చెప్పుట, ఒంటరియైనవారి ప్రక్కన నిలుచుట పదునెనిమిదేండ్లు నిండిన తరువాత హఠాత్తుగా అలవడు గుణములు కావు. మొక్కై వంగనిది మ్రానై వంగునా? వానిని నేర్పు చోటు ప్రాథమిక పాఠశాలయే.

నేర్పుటకు ధనము అక్కరలేదు. 2024 డిసెంబరు 7వ తేదీన రాష్ట్రమంతట ప్రభుత్వ పాఠశాలలలో తల్లిదండ్రులను, ఉపాధ్యాయులను ఒకచోట కూర్చుండబెట్టిన మహాసమావేశము జరిగినది. అట్టి సమావేశములకు పోయినపుడు మనము మార్కులెన్ని అని అడుగుదుము. ఇకమీదట మరియొక ప్రశ్న కూడ అడుగుదము: "అయ్యా, మీ తరగతిలో ఒంటరిగా కూర్చుండు బిడ్డ ఎవరు?" అయ్యవారు వెంటనే చెప్పగలిగినచో ఆ బడి మంచి బడి. చెప్పలేకపోయినచో మరుదినము నుండి చూచుట ఆరంభింతురు. వలసబిడ్డ బడిలో చేరిన దినమున ఆమెకు తోడుగా ఇద్దరిని ఏర్పాటు చేయుట, ఆమె ఊరి మాటలు నాలుగు తరగతికి నేర్పించుట గురువునకు పది నిమిషముల పని. బడిలోను ఇంటిలోను చెప్పుకొను దిక్కు లేని బిడ్డకు 1098 అను సహాయపు ఫోను సంఖ్య కలదని గోడమీద వ్రాయించుట ఊరివారి పని.

ఇక ఇంటిలో మన పని. సాయంత్రము బిడ్డను చేరదీసి "నిన్నెవరైన ఏడిపించినారా?" అని అడుగుట మంచిదే. దానితోపాటు "నేడు ఎవరైన ఏడ్చుచుండగా చూచితివా? నీవు ఎచట నిలిచితివి?" అని కూడ అడుగుడు. నా చిన్ననాడు నన్ను ఆ ప్రశ్న ఎవరును అడుగలేదు. అడిగియున్నచో ఆ నత్తి బాలుని బల్లమీద నేను ఒకనాడైనను కూర్చుండి యుందునేమో.