అభియోగమూ, ఆధార పత్రమూ

నిందకూ అభియోగానికీ మధ్య ఒక ముఖ్యమైన భేదం ఉంది. నింద ఎవరైనా వేయవచ్చు. దానికి ఆధారం చూపవలసిన బాధ్యత ఎవరికీ లేదు. అభియోగం అలా కాదు. అది తన ఆధారాన్ని వెంటబెట్టుకొని రావాలి. ఆధారాన్ని మరుగున ఉంచి సమాధానం మాత్రం చెప్పమనే అభియోగం, రూపంలో ఎంత నియమబద్ధంగా ఉన్నా, స్వభావంలో నిందగానే మిగిలిపోతుంది. సహకార సంఘాలలో అక్రమాలపై జరిగే విచారణల సందర్భంలో ఈ భేదాన్ని గుర్తు చేసుకోవడం అవసరం. అభియోగాన్ని ఎదుర్కొంటున్న ఉద్యోగికి, దానికి మూలమైన లెక్కల పుస్తకాలనూ, ఓచర్లనూ, నివేదికలనూ చూసే హక్కు ఉన్నదా? ఉంటే దాని హద్దు ఎక్కడ? ఇది చట్టానికి సంబంధించిన ప్రశ్నగా కనిపించినా, మూలంలో ధర్మానికి సంబంధించిన ప్రశ్న.

మన దేశంలో 1904 నాటి సహకార పరపతి సంఘాల చట్టంతో శాసనబద్ధమైన రూపం పొందిన సహకారోద్యమానికి అసలైన మూలధనం సభ్యుల పరస్పర విశ్వాసం. చిన్న రైతు కట్టిన వాటాధనం, దాచుకున్న పొదుపు, తీసుకున్న పంట రుణం, కొన్న ఎరువు బస్తా అన్నీ సంఘం పుస్తకాలలో అక్షరాలుగా, అంకెలుగా మారుతాయి. ఆ పుస్తకాలు రాసే చేయి వంకరపోతే నష్టపోయేది ఊరంతా. కంచే చేను మేసిన చోట కఠినంగా వ్యవహరించవలసిందే. ఈ విషయంలో భిన్నాభిప్రాయానికి తావు లేదు. అయితే చేను మేసింది కంచేనా, మరొకటా అన్నది ముందుగా తేలాలి. విచారణ ఉన్నది అందుకే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘంలో పనిచేసే గుమాస్తాపై రెండు అభియోగాలు వచ్చాయనుకుందాం. ఐదేళ్ళ కిందటి ఎరువుల నిల్వలో నలభై బస్తాలు తక్కువ వచ్చాయన్నది ఒకటి. కొందరు రైతులు చెల్లించిన రుణ వాయిదాలు చిట్టాకు ఎక్కలేదన్నది రెండవది. అతనిని సస్పెండు చేశారు. బీరువా తాళాలు అప్పగించి అతడు ఇంటికి వెళ్ళాడు. పదిహేను రోజులలో సంజాయిషీ ఇవ్వమని తాఖీదు వచ్చింది. నిల్వ రిజిస్టరు, రశీదు పుస్తకాల అడుగు ప్రతులు, పాలకవర్గ తీర్మానాల పుస్తకం చూడనివ్వమని అతడు అర్జీ పెట్టుకున్నాడు. “సదరు రికార్డులు మీరే రాసినందున వాటిని మరల చూడవలసిన అవసరం లేదు” అని జవాబు వచ్చింది.

పైకి ఈ జవాబు సహేతుకంగానే తోస్తుంది. కాని కొంచెం నిదానించి చూస్తే ఇందులోని లోపం తెలుస్తుంది. ఐదేళ్ళలో వేల పద్దులు రాసిన మనిషి వాటిలో ఒక్క పద్దును జ్ఞాపకం నుంచి సమర్థించుకోలేడు. పుస్తకాలు ఉన్నదే జ్ఞాపకం నమ్మదగినది కాదు గనుక. పైగా అతడు రాసిన నాటి పద్దూ, నేడు విచారణాధికారి ముందున్న పద్దూ ఒకటేనని ఎవరు చెప్పాలి? అంకె దిద్దబడి ఉండవచ్చు. ఆ రశీదుపై సంతకం మరొకరిది కావచ్చు. నలభై బస్తాలూ పాలకవర్గం అనుమతితో మరొక గోదాముకు తరలి ఉండవచ్చు. ఆ తీర్మానం మినిట్సు పుస్తకంలోనే ఉండవచ్చు. లేదా ఇవేవీ కాక, ఆ గుమాస్తాయే దోషి కావచ్చు. ఈ అవకాశాలలో ఏది నిజమో చెప్పగలిగింది ఆ కాగితమే.

ఈ వివేకం మనకు పాశ్చాత్య న్యాయశాస్త్రం నేర్పినది మాత్రమే కాదు. యాజ్ఞవల్క్య స్మృతి వ్యవహారాధ్యాయం వ్యాజ్యానికి నాలుగు పాదాలు చెప్పింది: అభియోగం, ఉత్తరం, సాధనం, నిర్ణయం. వాది చెప్పినదానిని ప్రతివాది ఎదుటనే, సంవత్సరం, మాసం, దినం వంటి వివరాలతో లిఖించాలనీ, దానిని విన్న తరువాతే ప్రతివాది ఉత్తరాన్ని రాయాలనీ అది విధించింది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరా వ్యాఖ్యను పదమూడవ శతాబ్దంలోనే కేతన ‘విజ్ఞానేశ్వరీయం’గా తెలుగు చేశాడు. నాలుగు పాదాలలో రెండవది విరిగితే తక్కిన మూడూ నిలబడలేవు. ఉత్తరం చెప్పలేని స్థితిలో ప్రతివాదిని నిలబెట్టి చేసిన నిర్ణయం నిర్ణయం కాదు.

ఆధునిక న్యాయస్థానాలు ఈ మార్గంలోనే నడిచాయి. రాజ్యాంగంలోని 311వ అధికరణం ఇచ్చే రక్షణ ప్రభుత్వోద్యోగులకే గాని సహకార సంఘాల సిబ్బందికి వర్తించదు. అయినా దాని చుట్టూ పెరిగిన న్యాయభావన అందరికీ దారి చూపేదే. 1986లో కాశీనాథ్ దీక్షిత కేసులో 38 మంది సాక్షుల వాఙ్మూలాలు, 112 పత్రాలు ఉండగా నకళ్ళు ఇవ్వకుండా కేవలం చూసుకొమ్మనడం చాలదని సుప్రీం కోర్టు భావించి, ఉద్యోగం నుంచి తొలగించిన ఉత్తర్వును రద్దు చేసింది. హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. సంస్థకు సంబంధించిన కరుణాకర్ కేసులో 1993లో రాజ్యాంగ ధర్మాసనం మరొక అడుగు వేసింది. శిక్ష నిర్ణయించేందుకు ముందే విచారణ నివేదిక ప్రతిని ఉద్యోగికి ఇవ్వాలనీ, సంస్థ ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా ఈ సూత్రం వర్తిస్తుందనీ చెప్పింది. అయితే నివేదిక ఇవ్వనంత మాత్రాన శిక్ష యాంత్రికంగా రద్దు కాదనీ, దానివల్ల ఉద్యోగికి నిజంగా హాని జరిగిందా అని చూడాలనీ కూడా అదే తీర్పు హెచ్చరించింది.

సహకార సంఘాల విషయంలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సహకార సంఘాల చట్టం 51వ సెక్షను కింద రిజిస్ట్రారు సంఘ వ్యవహారాలపై విచారణ జరిపించవచ్చు. అది సంఘం గురించిన విచారణ. వ్యక్తి గురించినది కాదు. దాని ఆధారంగా సంఘం తన ఉద్యోగిపై క్రమశిక్షణ చర్యకు పూనుకొన్నప్పుడు రెండవ విచారణ మొదలవుతుంది. మొదటి విచారణలో తనతో నిమిత్తం లేకుండా నమోదైన వాఙ్మూలాలు రెండవదానిలో తన మెడకు చుట్టుకుంటాయి. ఒక విచారణ ముగింపు మరొక విచారణకు సాక్ష్యంగా మారుతున్నప్పుడు, ఆ ముగింపుకు దారితీసిన కాగితాలను చూపకపోవడం అన్యాయం.

ఇక ఎదుటి పక్షం వాదనలను తోసిపుచ్చలేం. పుస్తకాలు చేతికిస్తే తారుమారు చేస్తారన్నది మొదటి భయం. అసలు ప్రతులను బాధ్యత గల అధికారి సమక్షంలో చూపి, నకళ్ళు మాత్రం చేతికివ్వడం దీనికి పరిష్కారం. ఇతర ఖాతాదారుల వివరాలు బయటపడతాయన్నది రెండవది. అభియోగంతో సంబంధం లేని పేర్లనూ పద్దులనూ మినహాయించి సంబంధిత భాగాలనే ఇవ్వవచ్చు. సంఘంలోని ప్రతి కాగితమూ అడిగి విచారణను సాగదీస్తారన్నది మూడవది. ఇందులో సత్యం ఉంది. 1996లో తమిళనాడు ప్రభుత్వానికీ, కె.వి. పెరుమాళ్‌కూ మధ్య నడిచిన కేసులో సుప్రీం కోర్టు, అడిగిన ప్రతి పత్రాన్నీ ఇవ్వనక్కరలేదనీ, అభియోగంతో సంబంధం ఉన్నవి ఇస్తే చాలుననీ స్పష్టం చేసింది. కనుక ఏ పత్రం తనకు ఎందుకు కావాలో చెప్పవలసిన బాధ్యత ఉద్యోగిది; ఇవ్వనిచోట కారణం రాతపూర్వకంగా చెప్పవలసిన బాధ్యత సంఘానిది.

సమాచార హక్కు చట్టం ద్వారా వీటిని పొందవచ్చు గదా అని కొందరు అనవచ్చు. 2005 నాటి ఆ చట్టం సాధారణ సహకార సంఘాలకు నేరుగా వర్తించదని, ప్రభుత్వం గణనీయంగా నిధులు ఇచ్చి నడిపేవి, తన అదుపులో ఉంచుకున్నవి వంటివే దాని పరిధిలోకి వస్తాయని 2013లో తలప్పాలం సహకార బ్యాంకు కేసులో సుప్రీం కోర్టు తేల్చింది. రిజిస్ట్రారు మాత్రం ఆ చట్టం కిందికి వస్తాడు. చట్టప్రకారం తాను సంఘం నుంచి పొందగలిగిన సమాచారాన్ని, మినహాయింపులకు లోబడి, ఇవ్వవలసి ఉంటుంది. అయితే తన ఉద్యోగమూ, పరువూ పణంగా ఉన్న మనిషి తనపై మోపిన అభియోగానికి ఆధారం తెలుసుకొనేందుకు మరొక కార్యాలయం గుమ్మం తొక్కవలసి రావడం సహకారం అనే మాటకు గౌరవం కాదు.

చివరగా ఆలోచించవలసింది సభ్యుల గురించి. కాగితాలు చూపితే ప్రయోజనం పొందేది ఉద్యోగి ఒక్కడే అనుకోవడం పొరపాటు. పత్రాలు చూపకుండా శిక్షించిన ఉద్యోగి ఏళ్ళ తరబడి న్యాయస్థానాలలో పోరాడి గెలిస్తే, పోయిన సొమ్ముకు తోడు వెనుకటి జీతపు భారమూ సభ్యుల నెత్తినే పడవచ్చు. అతడు నిర్దోషి అయితే అసలు దోషి ఈలోగా సురక్షితంగా ఉంటాడు. అతడే దోషి అయినా ఆ సంగతి నిస్సంశయంగా రుజువు కాకుండానే పోతుంది. ఆ పుస్తకాలు కార్యదర్శివీ కావు, పాలకవర్గానివీ కావు. సభ్యులందరి ఉమ్మడి జ్ఞాపకం అవి. అందరి తరఫున ఒక మనిషిని దోషి అని నిలబెట్టేటప్పుడు, ఆ జ్ఞాపకంలో ఏమి రాసి ఉందో మొదట అతనికి చూపడం దయ కాదు, దాక్షిణ్యమూ కాదు. సంఘం సత్యానికి చెల్లించవలసిన బాకీ అది.