చెప్పింది నాకు, పుస్తకానికి కాదు

మా నాందేడ్ జిల్లా తెలుగువాళ్ళ మీద ఒక పుస్తకం మొదలుపెడదామని కూర్చున్నాను. కథలు కావు, నవల కాదు. జరిగింది జరిగినట్టు రాసే పుస్తకం. తోటి రచయితలను సలహా అడిగితే తలా ఒకటి చెప్పారు. "1956 నవంబర్ 1 నుంచి మొదలుపెట్టు, ఆ రోజే కదా మనం గీతకు ఇవతల పడ్డది" అన్నారొకరు. నిజమే. హైదరాబాద్ రాష్ట్రం మూడు ముక్కలై, మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రంలో కలిసింది; 1960 మే 1న మహారాష్ట్ర అయింది. బాసర అటు, పక్క స్టేషన్ ధర్మాబాద్ ఇటు. ఇంకొకరు "ముందు రాసెయ్, మొదలేదో తర్వాత తెలుస్తుంది" అన్నారు. పని జరిపే సలహాలే ఇవి. కాని నేను ఆగింది తేదీ దగ్గర కాదు.

దేగ్లూర్ తాలూకాలో ఒక ముసలమ్మ రెండు పూటలు కూర్చుని 1948 సంగతులు చెప్పింది. అప్పుడామెకు పదేళ్ళట. రజాకార్లకు భయపడి చేలల్లో దాక్కున్న రాత్రులు చెప్పింది. సెప్టెంబర్‌లో పోలీసు చర్య తర్వాత పక్కింటి ముసల్మాన్ కుటుంబానికి ఏమైందో అదీ చెప్పింది. లేచేటప్పుడు, "నీకు చెప్పిన బిడ్డా, పుస్తకానికి చెప్పలే" అన్నది.

దీనికి జవాబు మన పెద్దల పుస్తకాల్లో వెతికాను. నిజాం రాజ్యంలో తెలుగు కవులు లేరన్న మాటకు సమాధానంగా సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చారు. 354 మంది కవులు. కవులనే అడిగి తెప్పించుకున్నారు. పంపినవాళ్ళు అచ్చులో పడాలనే పంపారు. 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కు వస్తే, జనం తిండీ బట్టా ఆటలూ పాత కావ్యాల్లోంచి ఏరారు. మనలాగే తెలుగు నేలకు దూరంగా, మధ్య పరగణాల్లో ఉంటూ భండారు అచ్చమాంబగారు 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాశారు. అదీ చరిత్రకెక్కిన స్త్రీల గురించే. పోయినవాళ్ళు అభ్యంతరం చెప్పరు. బతికున్న జ్ఞాపకం సంగతి వేరు.

పోనీ, రాయకుండా ఉందామా? సుందర్‌లాల్ కమిటీని కేంద్ర ప్రభుత్వమే పంపింది. పోలీసు చర్య నాటికీ ఆ తర్వాతా పోయిన ప్రాణాలు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటాయని, ఎక్కువ దెబ్బతిన్నవి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలని ఆ కమిటీ రాసింది. నివేదిక దశాబ్దాల తరబడి బయటికి రాలేదు. ఆ మౌనం ఎవరికి మేలు చేసింది? ఎవరి లెక్క వాళ్ళు పెంచుకున్నారు. కొందరికి రజాకార్లే గుర్తు, కొందరికి ఆ తర్వాతి రోజులే గుర్తు. ఈ ముసలమ్మ రెండూ ఒకే నోటితో చెప్పింది. అందుకే వదులుకోలేను.

"పేరు మార్చెయ్, అయిపోతుంది" అన్నారొక మిత్రులు. చిన్న ఊళ్ళో పేరు మారిస్తే ఏం దాగుతుంది? ఆ ఇల్లేదో, ఆ బావేదో అందరికీ తెలుసు. ఊరి పేరు కూడా తీసేస్తే ఇక ఎవరూ సరిచూడలేరు. చరిత్ర కాస్తా కథైపోతుంది. కథే రాయాలనుకుంటే ఎండలో ఇన్ని ఊళ్ళు తిరగడమెందుకు?

నా మటుకు నాకు తోచింది ఇది. ఆ అధ్యాయం రాసి, తీసుకెళ్ళి ఆమెకే చదివి వినిపించాలి. వద్దంటే ఆమె ఉన్నన్నాళ్ళూ అది పెట్టెలో ఉండాలి. ఆ తర్వాత? హక్కు కొడుకులదంటారు. వాళ్ళు మరాఠీ బడిలో చదివినవాళ్ళు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు గాని అక్షరం రాదు. వాళ్ళింటి సంగతి వాళ్ళు చదవలేని లిపిలో అచ్చువేసి, మనం మనం చదువుకుని మెచ్చుకోవడం నాకు సబబుగా లేదు. మరాఠీలో రాద్దామంటే, "చెప్పిన, చెప్పలే" అన్న ఆమె మాట తీరు ఎక్కడికి పోతుంది?

సోదర రచయితలారా, ఇలాంటి పని చేసినవాళ్ళు మీలో ఉంటే రాయండి. అడిగి రాశారా, రాసి అడిగారా? వద్దన్నవాళ్ళ మాటలు ఎక్కడ దాచారు? వచ్చే నెల మళ్ళీ దేగ్లూర్ పోతున్నాను. ఆ లోపల అందితే మేలు.