క్రిస్మస్‌ను ముందుగాల్నే తినెయ్యకుండ్రి బిడ్డా

బిడ్డా, మీ యూత్ పిల్లలు డిసెంబర్ నెలకు రాసుకున్న ప్రోగ్రాముల పట్టిక చూసిన. ఒకటో తారీఖు నుంచి ఇరవై నాలుగు దాంక ఎక్కడా ఖాళీ లేదు. మందిర్ల సెమీ క్రిస్మస్, బడిల సెమీ క్రిస్మస్, ఆఫీసుల ఒకటి, కాలనీల ఒకటి, మళ్లా పక్క మండలం సంఘపోళ్లు పిలిచిన్రని అక్కడొకటి. ప్రతి కాడ కేకు, ప్రతి కాడ బిర్యాని, ప్రతి కాడ స్టేజీ మీద శాలువాలు. ఇరవై అయిదు పొద్దుగాల ఆరాధనకు వచ్చేటాల్లకు మీకు గొంతులుండయి, ఆకలీ ఉండదు. అయ్యగారు చెప్తే మీరు నొచ్చుకుంటరు. నానమ్మను గాబట్టి నేనే చెప్పాలె.

ఈ నాలుగు వారాలు క్రిస్మస్‌వి కావు బిడ్డా, క్రీస్తు రాక కోసం ఎదురుచూసే ఆగమన కాలానివి. నవంబర్ 27కు, డిసెంబర్ 3కు నడుమ పడే ఆదివారంతోని సంఘ సంవత్సరం మొదలైతది. మన సీఎస్ఐ మందిరంల బల్ల మీద ఊదా గుడ్డ పడేది ఈ కాలం వచ్చిందనే. కరీంనగర్ క్యాథలిక్కులు వరంగల్ మేత్రాసనం కింద ఉంటరు, వాళ్లదీ ఊదా రంగే, మూడో ఆదివారం మాత్రం గులాబీ. గోదావరి దాటి మంచిర్యాల పోతే ఇంకో తీరు. ఆదిలాబాద్ మేత్రాసనం 1999ల సిరో మలబార్ సంప్రదాయంల ఏర్పడ్డది, వాళ్లకిది మంగళవార్తల కాలం. మొదటి ఆదివారం జెకర్యాకు దూత చెప్పిన కబురు, రెండోది మరియకు చెప్పిన కబురు, మూడోది యోహాను పుట్టుక, నాలుగోది యోసేపుకు కలల వచ్చిన కబురు. మనం వేరే సంఘపోళ్లమైనా, ఈ వరుస నాకు శానా ఇష్టం. ప్రవక్తల పెద్ద పెద్ద మాటలు కాదు, ఇండ్లల్లకు వచ్చిన కబుర్లు. పిల్లలు లేని ముసలోళ్ల ఇల్లొకటి, పెండ్లి కుదిరిన పిల్ల ఇల్లొకటి, ఏం చెయ్యాలెనో తెల్వక నిద్రవట్టని వడ్లాయన ఇల్లొకటి.

జెకర్యా సంగతి జెర ఆలోచించు. ఆయన యాజకుడు. నోరు తెరిచి ప్రార్థన చేసుడే ఆయన పని. ముసలితనంల బిడ్డ పుడ్తడంటే నమ్మలేదని దూత ఆయన మాట కట్టేసిండు. బయట జనం ఎదురుచూస్తున్నరు, ఈయన వచ్చి చేతులతోని సైగలు చేస్తున్నడు. బిడ్డ పుట్టి, పలక మీద పేరు రాసిందాంక నోరు లేవలేదు. అందరు దాన్ని శిక్ష అంటరు. నాకైతే సెలవు లెక్క కొడ్తది. ఏండ్ల తరబడి మాట్లాడిన మనిషికి దేవుడు కొన్ని నెలలు వినేతందుకు ఇచ్చిండు. మనమేమో అవే వారాలల్ల సౌండ్ బాక్సులు కిరాయికి తెస్తున్నం.

ఎదురుచూసుడంటే చేతులు కట్టుకొని కూసునుడు కాదు మరి. యాకోబు తన పత్రికల రైతు ముచ్చట తెస్తడు, తొలకరికీ కడవరి వానకూ ఓపిక పట్టే రైతు. ఆ ముచ్చట మన ఆదిలాబాద్ పత్తి రైతుకు ఎవలూ విడమర్చి చెప్పనక్కర లేదు. జూన్‌ల విత్తనం పెట్టి మొగులు దిక్కు చూస్తడు. మొలవకపోతే మళ్లా పెడ్తడు. డిసెంబర్ల ఏరిన పత్తి బండికెత్తుకొని మార్కెట్ యార్డుకు పోతే అక్కడ తేమ మిషన్ల చూస్తరు. 8 శాతం దాటితే ధర కోత, 12 దాటితే సర్కారు సంస్థ సీసీఐ కొననే కొనదు. అందుకని ఇంటి కాడ ఎండబోసి, మంచు పడకుండ కప్పి, మళ్లా ఎండబోస్తడు. ఎదురుచూసినన్ని దినాలు ఆయన చేతులకు పనే.

మన చేతులకు ఏం పని అంటవా? జెకర్యా కొడుకు, బాప్తిస్మమిచ్చే యోహానును జనం అదే అడిగిన్రు. ఉపవాసముండుమనీ చెప్పలేదు, పాటలు పాడుమనీ చెప్పలేదు. రెండు అంగీలున్నోడు లేనోనికి ఒకటియ్యాలె అన్నడు. సుంకం వసూలు చేసేటోళ్లకు, లెక్కకు మించి తీసుకోకుండ్రి అన్నడు. సిపాయిలకు, జీతంతోని తృప్తి పడుండ్రి అన్నడు. ఎవల పని వాళ్లకు చెప్పిండు. ఆదిలాబాద్ ఏజెన్సీల డిసెంబర్ చలి నీకు తెలుసు, రాష్ట్రంల అందరికంటె ముందు గజగజ వణికేది ఆ దిక్కే. స్టేజీ శాలువాలు ఆపి ఆ పైసలతోని గొంగళ్లు కొను. మీ బాపుకూ చిన్నాయినకూ పొలం గట్టు కాడ మాటలు బందై ఎన్ని దినాలైందో నేను లెక్కవెట్టను. నువ్వే చిన్నాయిన ఇంటికి పో. నాలుగు వారాలున్నది ఇసొంటి వాటికే.

మీరు ఆన్‌లైన్ల తెప్పించిన కొవ్వొత్తుల చక్రం ముచ్చట తెలుసా? 1839ల జర్మనీ దేశం హాంబర్గ్‌ల విఖెర్న్ అనే పాదిరి పేద పిల్లలను సాకెటోడు. క్రిస్మస్ ఎప్పుడొస్తది అని ఆ పిల్లలు రోజూ అడుగుతుంటె బండి చక్రం మీద దినానికొక కొవ్వొత్తి ముట్టిచ్చిండు, ఆదివారాలకు నాలుగు పెద్దయి. అన్నీ ఒక్కసారే ముట్టిస్తే ఆ పిల్లలకు ఏం మిగులు? గట్లనే మన పక్కన మెదక్‌ల పాస్నెట్ అనే మిషనరీ దొర 1914ల గుడి మొదలువెట్టి, కరువుల ఆకలిగొన్నోళ్లకు పని చూపెట్టి తిండి పెట్టిండు. ఆ గుడి ప్రతిష్ఠ 1924 డిసెంబర్ 25న. పదేండ్లు పట్టింది. ఆ తయారీల జనం కడుపు నిండింది.

రెండో రాకడ గురించీ ఒక మాట. మన దిక్కు ఆగమన కాలం మొదటి ఆదివారం వాక్యం ఎక్కువగా యేసు మళ్లా వచ్చే దినం గురించే ఉంటది. తారీఖులు చెప్పి భయపెట్టేటోళ్ల మీటింగులకు పోకు. ఆ దినం ఎవలికీ తెల్వదని యేసే చెప్పిండు, ఇంక పాంప్లెట్ కొట్టిచ్చినోనికి ఎట్ల తెలుస్తది?

ఈ ఏడు కేరల్స్‌కు పోయేటప్పుడు పెద్ద మేడలు కాదు, జగిత్యాల, సిరిసిల్ల దిక్కు గల్ఫ్ పోయినోళ్ల ఇండ్లకు పోండ్రి. రెండేండ్లకోపారి వచ్చే మనిషి కోసం చూసే ఆడపిల్లలున్నరు అక్కడ. ఒక్క పాట పాడి జెరసేపు కూసోండ్రి. చాయ పోస్తే తాగుండ్రి. గిఫ్టు పాకెట్లు, ఫొటోలు వద్దు.

సెమీ క్రిస్మస్ అన్నీ బందు చెయ్యమంటలేను. కాలనీల చేసేది ఉంచు. పక్కింటి హిందువులు, ముస్లింలు మన పండుగ నాడు మందిరానికి రాకపోవచ్చు గానీ దానికైతే పిల్లలను తోలుకొని వస్తరు, మన పక్కన కూసొని తింటరు. దానికి పైసలు తక్కువ పడితే అయ్యగారిని అడగకు, నా పింఛన్ల కెళ్లి ఇస్త.