చూచినందుకు కూలి



గడచిన వానకాలములో ఒక బుధవారపు ప్రార్థన కూటము ముగిసిన తరువాత, హోసూరులో రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకొని బండ్లు బాగుచేయు మన సహోదరుడొకడు మా యెదుట ఒక సంగతి పెట్టాడు. వానలో తడిసి ఆగిపోయిన స్కూటరు ఒకటి అతని యొద్దకు వచ్చినది. రెండున్నర గంటలు వెదకగా సీటు క్రింద ఒక కనెక్టరులో చిలుము పట్టియున్నట్టు తేలినది. ఉప్పు కాగితముతో గీకి, బిగించి పెట్టగా బండి స్టార్టయినది. రెండు వందలు అడిగాడు. "ఏమన్నా, పార్టు ఏమీ వెయ్యలేదే, రెండు నూర్లు ఎందుకు?" అని బండియజమాని యాభై చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

నాలుగు దినముల తరువాత అదే దోషముతో మరియొక బండి వచ్చినది. ఈసారి మనవాడు కనెక్టరు శుభ్రము చేసి, దానితోపాటు అవసరము లేని క్రొత్త సెన్సారు ఒకటి వేసి, పద్నాలుగు వందలు బిల్లు వేశాడు. ఆ మనుష్యుడు మారు మాటాడక చెల్లించి, నమస్కారము కూడ పెట్టి వెళ్లాడు.

"అయ్యగారూ, నిజం చెప్పిన దినము యాభై, అబద్ధం చెప్పిన దినము పద్నాలుగు నూర్లు. దేవుడు నన్ను ఏమంటాడు?" అని అడిగాడు.

కొంతసేపు ఎవరును పలుకలేదు. ప్రార్థన చేద్దామని పెద్దలలో ఒకరు అన్నారు. జవాబు తోచనప్పుడు మనము చేయు పని అదే కదా.

తేలికైన జవాబు లేకపోలేదు. దొంగతనము దొంగతనమే. లేవీయకాండము 19వ అధ్యాయము చివర త్రాసులు, తూనికరాళ్లు, కొలతలు న్యాయమైనవిగా ఉండవలెనని దేవుడు ఆజ్ఞాపించెను. అవసరము లేని సెన్సారు వేయుట తప్పుడు తూనికరాయి వేయుటయే. దీనిని గూర్చి మాకు సందేహము లేదు. మొదటివాడు ఎగవేసిన నూట యాభై రూపాయలు రెండవవాడు చెల్లించవలసిన బాకీ కాదు. ఆ సహోదరునికిని ఇది తెలియును, తెలిసినందుననే అడిగాడు.

అయితే అదే అధ్యాయము 13వ వచనములో మరియొక ఆజ్ఞ ఉన్నది. కూలివాని కూలి తెల్లవారువరకు నీ యొద్ద ఉంచుకొనరాదని అక్కడ చెప్పబడినది. తూనికరాళ్ల మాట మెకానిక్కుకు చదివి వినిపించి, కూలి మాట వచ్చునప్పటికి పుట త్రిప్పివేయుట మనకు అలవాటైనది.

ఇంతకును మనము దేనికి డబ్బు ఇచ్చుచున్నాము? వైద్యుడు పరీక్షించి, ఏమియు లేదని చెప్పినను ఫీజు ఇచ్చి సంతోషముతో ఇంటికి వచ్చుచున్నాము. వకీలు కాగితము చూచినందుకు ఇచ్చుచున్నాము. నూనె మరకల చేతులవాడు చూచినందుకు మాత్రము ఇయ్యము. అతని చూపు మన దృష్టిలో పని కాదు, అతడు అమ్మిన సామాను మాత్రమే పని. ఇట్టి లెక్క పెట్టుకొని అతనిని సామాను అమ్ముకొనువానిగా మార్చినది మనమే కాదా?

ఈ ప్రశ్న మనకు మరి ఎక్కువగా గుచ్చుకొనవలెను. హోసూరు ప్రాంతపు తెలుగువారు అనేకులు తరతరాలుగా ఇక్కడివారే. మనలో కొందరు మాత్రము నెల్లూరు, ఒంగోలు వైపునుండి ఫ్యాక్టరీ పనులకు వచ్చి స్థిరపడినవారము. ఆ వైపు మన తాతలలో అనేకులు తోలు పనివారు. బావిమీది కపిల తోలు చిరిగిన యెడల వారు చూచి, కుట్టి ఇచ్చేవారు. పంట కళ్లమునకు వచ్చినప్పుడు రైతు కొలిచిన గింజలే వారి కూలి; ఎంత కొలువవలెనో నిర్ణయించువాడును రైతే. 1866లో బాప్తిస్మము పొందిన యెర్రగుంట్ల పేరయ్యగారు ఆ వృత్తివారే. 1876–78 కరవు కాలములో క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువలో కొంత భాగపు త్రవ్వకము కాంట్రాక్టు తీసుకొన్నది కూడ కరవు బాధితులైన మనవారికి పని, కూలి దొరుకవలెననియే. ఆ పిమ్మటనే 1878 జూలై 3న ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ సంఖ్య మన పిల్లలకు కంఠస్థము. కాలువ కూలి సంగతి మాత్రము సండే స్కూలులో అంతగా చెప్పము.

మెకానిక్కు పని నానాటికి కష్టమగుచున్నది. కార్బురేటరు ఉన్న దినములలో ఒక స్క్రూడ్రైవరు, చెవి చాలును. 2020 ఏప్రిల్ 1 నుండి బి.యస్.-6 నిబంధన వచ్చిన తరువాత మోటారు సైకిలుకును సెన్సార్లు, కంప్యూటరు పెట్టె వచ్చినవి. దోషము చదువుటకు స్కానరు కావలెను, కొన్నిటికి కంపెనీవారి సాఫ్టువేరే కావలెను. విడిభాగములు, దోషము కనుగొను పరికరములు బయటి మెకానిక్కులకు అందనియ్యలేదని 2014లో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు సుమారు 2,544 కోట్ల రూపాయల జరిమానా విధించినది. ఆ తీర్పుపై అప్పీళ్లు నడిచినవి. 2012లోనే అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్ర ప్రజలు దీనికై ఓట్లు వేసి చట్టము తెచ్చుకొన్నారు. మన కేంద్ర ప్రభుత్వము 2022లో మరమ్మతు హక్కును గూర్చి కమిటీ వేసి, ఆ సంవత్సరమే వెబ్‌సైటు తెరచినది. హోసూరులో టి.వి.ఎస్., ఏథర్, పోచంపల్లిలో ఓలా ఎలక్ట్రిక్ స్కూటర్లు తయారు చేయుచున్నారు. మన కృష్ణగిరి జిల్లాలోనే పుట్టిన బండిని ఆ రోడ్డు పక్కనున్న మనవాడు విప్పి చూడలేని స్థితి వచ్చినది.

బండి మూసుకొనిపోయిన కొలది చూచు పని పెరుగును, చేతిపని తగ్గును. రెండున్నర గంటలు వెదకుట, రెండు నిమిషములు గీకుట. మనము రెండు నిమిషములకే కూలి కట్టుచున్నాము.

దీనివలన మోసము చేయువానికి సాకు దొరకునని మా కమిటీలో ఒకరు అభ్యంతరము చెప్పారు. అది నిజమే. పాతపార్టు కడిగి క్రొత్తదని అమ్మువారున్నారు. వారిని మేము సమర్థించుట లేదు. అయినను నిజము చెప్పువాడు ఆకలితో ఉండునట్లు బేరమాడుచు, వాడు నిజమే చెప్పవలెనని కోరుట ఎట్టి న్యాయము?

ఆ సహోదరుడు తీసివేసిన మంచి సెన్సారును డ్రాయరులో దాచియుంచాడు. బండియజమాని మరల వచ్చినప్పుడు సంగతి చెప్పి డబ్బు తిరిగి ఇచ్చెదనని అన్నాడు. అతడు ఇంకను రాలేదు. షెడ్డు ముందర మాత్రము తెలుగులోను, తమిళములోను ఒక పలక వ్రాయించి కట్టాడు: బండి చూచుటకు 150 రూపాయలు. చదివి వెళ్లిపోవువారు వెళ్లిపోవుచున్నారు. కొందరు నిలుచుచున్నారు.

మా సంఘపు వ్యానును అతడు నిరుడు మూడు సార్లు చూచాడు. మేము టీ ఇప్పించి, ప్రార్థన చేసి పంపితిమి. పలక చూచిన తరువాత కమిటీ లెక్క వేయగా 450 రూపాయలు తేలినది. కోశాధికారిగారు వచ్చే ఆదివారము ఇచ్చెదమన్నారు. తెల్లవారు గడువు దాటి అప్పటికే పదకొండు నెలలు.