నూరు గంటల ఓర్పు
ధ్యానభాగము: ఎఫెసీ 5:15, 16

సంఘములోని యౌవనుడొకడు వేసవి సెలవులన్నియు ఒకే వీడియో ఆటకు వెచ్చించెనని విని, మందలింపవలెనని వెళ్లితిమి. అది 2000 సంవత్సరమున జపానులో వెలువడిన ‘డ్రాగన్ క్వెస్ట్ 7’. ముగించుటకు నూరు గంటలకు పైగా పట్టును. జాలరి కుమారుడొకడు రాతిపలకల ముక్కలను వెదకి కూర్చి, గతకాలమునకు పోయి, మాయమైన దీవులను ఒక్కొక్కటిగా మరల నిలుపును. ప్రతి ఊరిలోను జనులతో మాటలాడి, వారి దుఃఖము వినినగాని దారి తెలియదు.

అది చూచి మా నోరు మూతపడెను. కాపరులమైన మేము ఈ నెలలో ఎన్ని గడపలు తొక్కితిమి? ఎవరి దుఃఖమును ఓర్పుతో వింటిమి?

అయినను భేదమొకటి కలదు. ఆ ఆటలో దేవాలయమునకు పోయి, పాదిరి యొద్ద తన ప్రయాణమును భద్రపరచుకొనినవాడు అచ్చటనుండి మరల ఆరంభింపవచ్చును. మనకట్లు కాదు. రేపు చూతమని మేము వాయిదా వేసిన రోగి మంచము, వెళ్లునప్పటికి ఖాళీగా నుండెను. ఆ దినము మరల రాలేదు.

యౌవనులారా, ఆట పాపమని మేము చెప్పము. ఆ నూరు గంటల ఓర్పులో ఒక గంట పొరుగువానికిచ్చి చూడుడి. పెద్దలారా, మందలింపక మునుపు మన దినములను లెక్కించుకొందము. ప్రభువు అట్టి కృప దయచేయును గాక. ఆమేన్.