ఓడిన ఊరికి చిరునామా

క్రీస్తుపూర్వం 701లో అస్సిరియా రాజు సన్హెరీబు పంపిన అధికారి యెరూషలేము గోడ దగ్గర నిలబడి, హమాతు, అర్పాదు, హేన, ఇవ్వా దేవుళ్ళు ఏమయ్యారని జనాన్ని ఎద్దేవా చేశాడని హీబ్రూ గ్రంథం చెబుతుంది. హమాతు నేటి సిరియాలోని హమా. అర్పాదు అలెప్పోకు ఉత్తరాన ఉన్న తెల్ రిఫాత్. హేన, ఇవ్వాల జాడ మాత్రం పండితులకు ఇంతవరకు తేలలేదు. ఆనాడు వెటకారానికి అడిగిన ప్రశ్నను ఈనాడు మనం నిజంగానే అడగవలసి వస్తోంది.

అలాంటి జాబితా మనకూ ఒకటుంది. హరిషేణుడు రచించిన అలహాబాదు స్తంభ శాసనంలో సముద్రగుప్తుడు పట్టుకుని విడిచిపెట్టిన దక్షిణాపథ రాజులు పన్నెండుమంది. పిష్టపురం మన పిఠాపురం, వేంగి ఏలూరు దగ్గరి పెదవేగి. వీటికి పేచీ లేదు. ఎరండపల్లను ఫ్లీట్ దొర ఖాందేశ్‌లోని ఎరండోల్ అన్నాడు, దేవరాష్ట్రాన్ని మహారాష్ట్ర అన్నాడు. పేర్ల పోలికే ఆధారం. 1920లో జూవో దూబ్రేయ్ రాగిరేకులు ముందుపెట్టి, మొదటిది శ్రీకాకుళం వైపుదనీ, రెండోది ఎలమంచిలి సీమ అనీ వాదించాడు. రెండు ఊళ్ళు చోటు మారేసరికి చక్రవర్తి దండు నడిచిన దారే మారిపోయింది. అవముక్తం, కుస్థలపురం ఇప్పటికీ నిశ్చయంగా తేలలేదు.

పదేళ్ళు ఎవరూ కదిలించని డిపాజిట్లను 2014 నుంచి మా బ్యాంకులవాళ్ళం రిజర్వు బ్యాంకు నిధికి జమ చేస్తున్నాం. హక్కుదారు ఎన్నేళ్ళకు వచ్చినా ఆ సొమ్ము ఇవ్వవలసిందే. అయితే పేరు కలిసిందని ఎవరికీ ఇవ్వం. సంతకం కలవాలి, రుజువు కావాలి.

ఎప్పుడో పోయిన ఊళ్ళ విషయంలో ఇంత పట్టింపు ఎందుకని అడగవచ్చు. హేనవాళ్ళు, అవముక్తంవాళ్ళు తమ గురించి చెప్పుకున్న మాట ఒక్కటీ మనదాకా రాలేదు. గెలిచినవాడి పద్దులో పేరొక్కటే మిగిలింది. దాన్ని కూడా మన అభిమానానికి అనువైన చోట అతికిస్తే, ఆ ఊరికి మిగిలిన ఒక్క ఆస్తినీ మనం కాజేసినట్టే. శాసనంలోని కొట్టూరే చూడండి. ఆ పేరుగల ఊళ్ళు తెలుగునాట, కన్నడనాట, తమిళనాట కూడా ఉన్నాయి. సొంత ఊరికి దూరంగా బతికే మనలాంటివాళ్ళకు అది మా ఊరేనని అనాలనిపించడం సహజం. అనాలనిపించడం రుజువు కాదు.

మనం ఉంటున్న బెంగుళూరు సంగతీ అంతే. వీరబల్లాలుడికి ముసలమ్మ ఉడికిన గింజలు పెట్టిందనీ, అందువల్ల ఇది బెందకాళూరు అయిందనీ ముచ్చటైన కథ ఉంది. బేగూరు నాగేశ్వరాలయంలో సుమారు 890 నాటి కన్నడ వీరగల్లు బెంగుళూరు యుద్ధంలో చనిపోయిన బుట్టణశెట్టిని తలుస్తుంది. ఆ రాయి వీరబల్లాలుడికన్నా దాదాపు మూడువందల ఏళ్ళు పాతది. కథను పిల్లలకు చెప్పుకుందాం, చరిత్రకు రాయినే అడుగుదాం. రాయి దొరకని ఊళ్ళకు పటంలో చోటు ఖాళీగా ఉంచుదాం. రేపు ఏ రైతు నాగలికో ఒక రాగిరేకు తగిలితే, ఆ ఊరు వచ్చి తన చోటు తాను తీసుకుంటుంది.